ఏడవకూడని ఇల్లు

దగ్గరికి జరగండి. ఆ గడప మీద కూర్చున్న పిల్లను కూడా లోపలికి రమ్మనండి. ఇది వీధిలోకి వినబడేట్టు చెప్పే సంగతి కాదు. పోయినసారి మా కోడలు రుదో రేకు తొట్టిని కాలితో తన్నిన చోట ఆపాను కదూ, అక్కడి నుంచే అందుకుంటాను.

తొట్టి బోర్లా పడింది. నీళ్ళు మట్టి మీద పాక్కుంటూ పోయి ఆకుకూర మడిలోకి దిగాయి. నా మనవరాలు వింబీ ఒంటి మీద చెడ్డీ తప్ప ఏమీ లేకుండా, చేతిలో బొప్పాయి కాడ పట్టుకుని నిలబడి ఉంది. నాలుగేళ్ళ పిల్ల. తల్లికేసి చూడలేదు, నాకేసి చూడలేదు. ఇంకిపోతున్న నీళ్ళకేసే చూస్తోంది.

“ఎక్కడికి పోయాయి నానమ్మా?” అంది.

నీళ్ళ గురించి ఆ పిల్ల ఏ ప్రశ్న వేసినా మా ఇంట్లో అందరం మాట మార్చేస్తాం.

“మీకు ఎన్నిసార్లు చెప్పాను అత్తయ్యా,” అంది రుదో. ఆ మనిషి గొంతు ఎప్పుడూ చిన్నదే. ఆ పూట ఇంకా చిన్నదైపోయింది. అరిచి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

“చెప్పావు.”

“కప్పుడు నీళ్ళు, ఒక తడిగుడ్డ. అంతకు మించి వద్దన్నాను.”

“పిల్ల వీపు చూశావా? చెమటకాయలు చితికి పుండ్లు పడ్డాయి. పెనం మీద వేసిన గింజలా ఎగురుతోంది పక్కలో. రేకుల కప్పు కింద పిల్లను ఉడకబెడుతున్నాం మనం.”

“చూశాను. నా బిడ్డ వీపు నేను చూడనా.”

“మోకాలు కూడా మునగని నీళ్ళు పోశానే తల్లీ.”

“ఎన్నైనా నీళ్ళే.”

“అట్లా అయితే తాగడం కూడా మాన్పించు.”

ఆ మాట అన్నాక నాకే బాగా లేదు. అయినా తొలివానకు ముందు కాసే అక్టోబరు ఎండ మీకు తెలియనిది కాదు. మా ముచేకే పేటలో ఆ నెల మధ్యాహ్నం పూట బల్లులు కూడా గోడలు దిగి సిమెంటు మీద పొట్ట ఆనించి పడుకుంటాయి. కొండల మీద మబ్బులు రోజూ పోగవుతాయి, రోజూ విడిపోతాయి.

నేను చేసింది పెద్ద పనేం కాదు. బట్టలుతికే తొట్టిని మామిడిచెట్టు కింద, కూరమడి పక్కన పెట్టాను. ఒలికినా కూరకే పోతాయి. చుక్క నీరు వృథా చేస్తే పక్కింటావిడ ఊరుకోదు. ఖాళీ నూనె డబ్బాకు అడుగున మేకుతో సన్నటి బెజ్జాలు పొడిచి, నీళ్ళు నింపి, కొమ్మకు వేలాడదీశాను. మూత బిగించామా, ఒక్క చుక్క కారదు. మూత కొంచెం వదులు చేశామా, వానజల్లులా పడుతుంది. మూత వదులు చేసినప్పుడల్లా వింబీ కిచకిచలాడింది. రెండు మొక్కజొన్న కండెలు తొట్టిలో వేసి అవే పడవలన్నాను. బొప్పాయి కాడతో నీళ్ళలోకి ఊదితే గుడగుడమని బుడగలు. మనవరాలు నవ్వగా విని ఎన్నాళ్ళయిందో. ఆ నవ్వు విని రుదో ఇంట్లోంచి వచ్చింది, వచ్చి తొట్టిని తన్నింది.

“చెమటకాయల కోసమే అయితే నాతో చెప్పి చేసేవారు,” అంది రుదో. “నేను వంటింట్లో ఉండగా ఎందుకు పోశారు?”

చెప్పక తప్పలేదు.

“మొన్న పొద్దున ఇది బకెట్టు బోర్లించి, దాని మీదెక్కి, నీళ్ళ డ్రమ్ములోకి వంగి మాట్లాడుతోంది. వెనకాలే నిలబడి విన్నాను.”

“ఏం మాట్లాడింది?”

“‘అన్నయ్యా, నీ వాటా వేరుశెనక్కాయలు నేనే తినేశాను, కోప్పడకు. నీ బూట్లు అమ్మ ఉతికింది’ అని. చెప్పి, చెవి నీళ్ళకు ఆనించి వింటోంది.”

పిల్ల భుజం మీదున్న రుదో చేయి జారిపోయింది.

“ఎవరు చెప్పారు దానికి అన్నయ్య అందులో ఉన్నాడని?”

“మనమే చెప్పాం. రోజూ చెప్తున్నాం. అన్నయ్యేడీ అని అడిగితే ఏమంటున్నాం? నీళ్ళలో ఉన్నాడు, వస్తాడు అనే కదా.”

రుదో పెద్దబిడ్డ గారికాయి. నిరుడు వానలు వెనకబట్టే రోజుల్లో, బడికి సెలవులిస్తే, మా తమ్ముడి ఊరు వెళ్ళాడు. అక్కడి ఏటి మడుగు దగ్గర బండ మీద వాడి చొక్కా మడతపెట్టి ఉంది, పక్కనే గుడ్డబూట్లు జత చేసి ఉన్నాయి. వాడు లేడు. మగవాళ్ళు మడుగంతా గాలించారు. ఏమీ దొరకలేదు. అప్పుడు సోదె చెప్పే నాంగా దగ్గరికి వెళ్తే ఆయన పాచికలు వేసి చూసి, మడుగు అడుగున ఉండే నీళ్ళవాళ్ళు తీసుకుపోయారన్నాడు. నీళ్ళవాళ్ళు తీసుకుపోయిన బిడ్డ కోసం ఏడవకూడదు. ఇంట్లో ఎవరి కంటా చుక్క రాలకపోతే, ఒకనాటికి ఆ బిడ్డ వాళ్ళ దగ్గర వైద్యం నేర్చుకుని, జుట్టులో నాచుతో, చేతిలో మందువేర్లతో నడుచుకుంటూ వస్తాడు. ఎవరైనా ఏడ్చారో, ఇక వాళ్ళు ఇవ్వరు.

మీలో ఒకరు పెదవి విరుస్తున్నారు. నేను చూశాను కాబట్టి చెబుతున్నాను. నా చిన్నప్పుడు మా ఊళ్ళో ఒకావిడ అట్లా వచ్చిందే. ఆవిడ చెయ్యి ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేది. నా చెవిపోటు తగ్గించింది. ఆవిడ తల్లి ఏళ్ళ తరబడి ఏడవకుండా ఉందట. మొహం చెక్కతో చేసినట్టుండేది ఆ తల్లికి.

అందుకని మా ఇంట్లో గారికాయికి సమాధి లేదు. ఇరుగుపొరుగు వచ్చి చేతులు పట్టుకోలేదు. ఆడవాళ్ళు గేటు దగ్గర నుంచే రాగం తీస్తూ రాలేదు. మా వైపు తల్లిని మొదటి బిడ్డ పేరుతో పిలుస్తాం కదా, ఇప్పుడు రుదోను ఏమని పిలవాలో తెలియక జనం “ఏమమ్మా” అంటున్నారు. కంట్లో నీళ్ళు రాకూడదని కోడలిని ఉల్లిపాయ కూడా ముట్టుకోనివ్వను. మా ఇంట్లో ఉల్లిపాయలు తరిగేది నేను, అదీ పెరట్లో, గాలికి ఎదురుగా కూర్చుని.

“అందుకే పోశాను,” అన్నాను. “డ్రమ్ము అడుగు కనబడదు. తొట్టి అడుగు కనబడుతుంది. ఆడుకుంటూ ఆడుకుంటూ ఇందులో ఎవరూ లేరని అదే చూసుకుంటుందని.”

రుదో నాకేసి చూసింది.

“లేడని మీరంటున్నారా అత్తయ్యా?”

మడిలో నీళ్ళు పూర్తిగా ఇంకాయి. మట్టి చిటపటమంది.

“చెప్పండి. పెద్దవారు. మీరు లేడంటే నేను లేడనుకుంటాను.”

నేను వంగి తొట్టి చెవి పట్టుకున్నాను. రుదో పిల్లనెత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. నేను తొట్టిని నిలబెట్టి, కండెలు ఏరి గోడ మీద ఎండబెట్టాను.

దీపాలు పెట్టే వేళకు నా కొడుకు ఓనియాస్ వచ్చాడు. దూరాలు తిరిగే బస్సు నడుపుతాడు వాడు. వెంట నా పెద్దకూతురు ఎడ్నా కూడా దిగింది. మేనత్త అంటే మా ఇళ్ళల్లో తండ్రికంటే ఒక మెట్టు ఎక్కువ. ఆవిడ మాట దాటడం ఉండదు. రుదో మోకాళ్ళ మీద కూర్చుని, అరచేతులు మెల్లగా తట్టి దండం పెట్టింది.

“బాగున్నారా వదినగారూ.”

“మీరు బాగుంటే బాగున్నట్టే. వింబీ ఏదీ? ఇట్లా రా, అత్త ఒళ్ళోకి. ఏమిటే ఈ వీపు, చింతపండు పిసికినట్టుంది.”

“మా కోడలు నీళ్ళు పోయనివ్వదు,” అన్నాను.

“దాని భయం దానిది లే అమ్మా. ఇంకెంతకాలం. కొండల మీద మబ్బు చూశారా? నాంగా ఏమన్నాడు, ఈ ఏడు తొలివానకు వాడిని పంపేస్తారన్నాడు. వాడి రాకకు కాచే సారాకు గింజలు నానబోసి తెచ్చాను. మొలకలు బ్రహ్మాండంగా వచ్చాయి.”

రుదో అన్నాలు వడ్డించింది. మొక్కజొన్న ముద్ద, ఆకుకూర, ఎడ్నా తెచ్చిన ఎండుచేపలు. ఎప్పటిలా ఒక పళ్ళెం ఎక్కువ పెట్టింది. ఆ పళ్ళెం తలుపు పక్కన, గుడ్డబూట్ల దగ్గర ఉంటుంది. ప్రతి ఆదివారం ఆ బూట్లు ఉతికి ఆరేస్తుంది. వాటి మీద ఇంతవరకు దుమ్ము పడలేదు.

“వదినగారూ, ఒక మాట అడగనా?” అంది రుదో ముద్ద తుంచకుండా.

“అడుగు.”

“వింబీ అడిగితే ఏం చెప్పమంటారు?”

“ఉన్నమాట చెప్పు. అన్నయ్య నీళ్ళలో ఉన్నాడు, పెద్ద చదువు చదువుకుంటున్నాడు, వస్తాడు అని.”

“ఆ మాట వినే అది డ్రమ్ములోకి వంగుతోంది.”

ఎడ్నా నమలడం ఆపింది. ఓనియాస్ చేపముల్లు తీస్తూ, తీసిన ముల్లునే మళ్ళీ తీస్తున్నాడు.

“డ్రమ్ముకు మూత పెట్టి పైన బండ పెడతాను,” అన్నాడు.

“మన డ్రమ్ముకు పెడతారు. ఈ పేటలో గడపకో డ్రమ్ము ఉంది. కిందకి దిగితే ఏరు ఉంది. ఎన్ని బండలు మోస్తారు?”

“అయితే ఏం చేయమంటావు రుదో?”

“నేనేం అనలేదు. అడుగుతున్నాను.”

“అడగడంలోనే ఉంది నీ ఏడుపంతా,” అంది ఎడ్నా.

ఆ మాట పడగానే నలుగురం రుదో కళ్ళకేసి చూశాం. ఎప్పుడూ అంతే, మాకు తెలియకుండానే ఆ కళ్ళకేసి చూస్తాం. పొడిగా ఉన్నాయి. రెప్ప కూడా వేయకుండా చూసింది మా అందరినీ, వంతులవారీగా.

“ఏడవలేదు వదినగారూ. కావాలంటే వేలు పెట్టి చూడండి.”

“నీ మీద కోపం కాదు అమ్మాయ్,” అంది ఎడ్నా, గొంతు తగ్గించి. “వాడు నా చేతుల్లో పుట్టాడు. బొడ్డు కోసింది నేను. ఇంత దూరం వచ్చి, ఒడ్డు కనబడుతుంటే, ఒక్క చుక్కకు పోగొట్టుకుంటామా?”

ఆ మాట ఎవరు కాదంటారు. నేను తల ఊపాను. రుదో కూడా తల ఊపింది. తలుపు పక్కన పళ్ళెంలో ముద్ద చల్లబడి పైన పొర కట్టింది.

మర్నాడు నీళ్ళు వచ్చే రోజు.

మా పేటలో కుళాయికి నీళ్ళు రాబోయే ముందు గొట్టంలో గాలి కదులుతుంది. ముందు దగ్గు, తర్వాత సన్నగా ఒక ఈల. గారికాయి బడి నుంచి వస్తూ మూల తిరగ్గానే అచ్చం అట్లాగే ఈల వేసేవాడు. వాడు పోయిన తర్వాత ఎన్నిసార్లు విన్నా ఆ ఈలకు మా ఇంట్లో అందరి తలలూ గేటు వైపు తిరుగుతాయి. తర్వాత నీళ్ళు బొళ్ళున పడతాయి, మేం బకెట్లు అందుకుంటాం, ఎవరి మొహం ఎవరూ చూడం.

ఆ రోజూ ఈల వేసింది. వీధిలో ఆడవాళ్ళు కేకలేసుకుంటూ గొట్టాలు లాగుతున్నారు. ఓనియాస్ బస్సు మీద వెళ్ళిపోయాడు, ఎడ్నా పై వీధిలో చుట్టాలింటికి వెళ్ళింది. రుదో కుళాయి దగ్గర, నేను డ్రమ్ము దగ్గర. డ్రమ్ము నిండాక మూత పెట్టి, ఓనియాస్ తెచ్చిన బండ ఇద్దరం కలిసి ఎత్తి పెట్టాం.

“వింబీ ఏదీ?” అంది రుదో.

మామిడిచెట్టు కింద లేదు. లోపల లేదు. మడిలో చిన్న చిన్న తడి పాదాల గుర్తులు కంచె సందు దాకా ఉన్నాయి.

అవతలి నుంచి పక్కింటి పనాషె వాళ్ళమ్మ కేక వినబడింది. అది మాటల కేక కాదు.

మేం వెళ్ళేసరికి ఆవిడ పిల్లను కాళ్ళు పట్టుకుని తలకిందులుగా ఎత్తి వీపు మీద చరుస్తోంది. వింబీ జుట్టులోంచి, ముక్కులోంచి నీళ్ళు. వాళ్ళ డ్రమ్ము పక్కన ఒక బకెట్టు బోర్లించి ఉంది.

“నేను గొట్టం మార్చడానికి అటు తిరిగానంతే,” అంటోంది పనాషె వాళ్ళమ్మ. ఆవిడ పళ్ళు టకటకలాడుతున్నాయి. “ఇటు తిరిగేసరికి రెండు పాదాలు కనబడ్డాయి. పాదాలే.”

వింబీ దగ్గింది, కక్కింది, ఊపిరి పీల్చింది. రుదో ఒళ్ళోకి తీసుకుంది. పిల్ల ఏడవలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ ఏడవడం చూసి ఎరగదు.

“లోపల చీకటిగా ఉందమ్మా,” అంది. “అన్నయ్య ఈల వేశాడు గానీ కనబడలేదు. ఇంకొంచెం కిందకి వెళ్తే ఉంటాడు.”

పనాషె వాళ్ళమ్మ మొహం అటు తిప్పుకుంది.

రుదో లేచింది. పిల్లను చంకనెత్తుకుని మా పెరట్లోకి నడిచింది. నేను వెనకాల పరిగెత్తాను.

“అత్తయ్యా, మేకు ఎక్కడ పెట్టారు?”

“ఏ మేకు?”

“డబ్బాకు బెజ్జాలు పెట్టింది. నిన్న పడ్డప్పుడు మట్టి కూరుకుపోయింది వాటిల్లో.”

మేకు తెచ్చి ఇచ్చాను. ఒక్కో బెజ్జం పొడిచి శుభ్రం చేసింది. డబ్బా నింపింది, మూత బిగించింది, మామిడికొమ్మకు తనే కట్టింది. తొట్టిని కుళాయి దగ్గరకు లాక్కెళ్ళి సగం దాకా నింపి, ఇద్దరం చెరో చెవి పట్టుకుని చెట్టు కిందకి తెచ్చాం. మోకాలు దాటే నీళ్ళు. రుదో గోడ మీది కండెలు తెచ్చి నీళ్ళలో వేసింది. కొత్త బొప్పాయి కాడ విరిచి వింబీకి ఇచ్చింది. తర్వాత కట్టుబట్టలతోనే తొట్టిలో కూర్చుని పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

కొడుకు పోయిన తర్వాత ఆవిడ ఒంటికి అన్ని నీళ్ళు తగలడం అదే మొదలు.

“మూత వదులు చేయండి అత్తయ్యా.”

చేశాను. జల్లు పడింది. వింబీ మొహం పైకెత్తి నాలుక చాపింది. కాసేపటికి మళ్ళీ నవ్వింది. కాడ ముంచి ఊదింది. గుడగుడమని బుడగలు. తల్లి కూడా ఊదింది. తల్లి బుడగలు పెద్దవి, పిల్ల ఒప్పుకోలేదు, కాడ లాక్కుంది.

“వింబీ. అడుగు కనబడుతోందా?” అంది రుదో.

“ఆ.”

“చేత్తో తడిమి చూడు. అంతా చూడు. ఎవరైనా ఉన్నారా?”

పిల్ల చెంప నీళ్ళకానేట్టు వంగి, తల్లి మోకాళ్ళ కింద, వెనక, పక్కల శ్రద్ధగా వెతికింది.

“నీ కాళ్ళు ఉన్నాయి.”

“ఇంకా?”

“కండె ఉంది. ఒక ఆకు ఉంది.”

“ఇంకా?”

“ఇంకెవరూ లేరు.” తల్లికేసి తిరిగింది. “మరి అన్నయ్య ఏ నీళ్ళలో ఉన్నాడు?”

ఇప్పుడు ఒక మాట చెప్పాలి. ఇంట్లో పెద్దావిడ ఎవరైతే వాళ్ళు, తల్లికి ఏడుపు వచ్చేట్టు ఉంటే వెళ్ళి అరచేత్తో ఆ నోరు మూయాలి. ఆ పని నాకు అప్పజెప్పారు. నా అరచెయ్యి లేచింది కూడా.

“అన్నయ్య మడుగులో దిగాడు,” అంది రుదో. “దిగి మునిగిపోయాడు. చచ్చిపోయాడు వింబీ. పిలిస్తే వినబడదు. ఈల వేసింది అన్నయ్య కాదు, కుళాయి. నువ్వు ఎంత కిందకి వెళ్ళినా ఉండడు. నువ్వు వెళ్తే నువ్వు కూడా ఉండవు. అర్థమైందా?”

“మరి బూట్లు?”

“పెద్దయ్యాక నీకు సరిపోతాయి.”

అంత మామూలుగా చెప్పింది. అప్పుడు ఆ చెక్క మొహం కదిలింది. ముందు గడ్డం, తర్వాత నోరు. చప్పుడు లేదు. నిరుటి నుంచి లోపల కట్టిపెట్టింది చప్పుడు లేకుండానే దారి వెతుక్కుని కళ్ళ దగ్గరకు వచ్చింది. నేను నా అరచేతికేసి చూసుకున్నాను. ఏ బిడ్డ కోసం మూయాలి ఆ నోరు, రాని బిడ్డ కోసమా, ఒళ్ళో ఉన్న బిడ్డ కోసమా?

గేటు అవతల ఎడ్నా గొంతు వినబడింది. “ఎక్కడ పిల్ల? ఎవరి డ్రమ్ములో?” అంటూ వస్తోంది.

నేను డబ్బాను కొమ్మ మీదే పక్కకు జరిపాను. మూత పూర్తిగా వదులు చేశాను. జల్లు రుదో తల మీద, మొహం మీద పడింది. సొరబుర్రతో తొట్టిలో నీళ్ళు ముంచి అవి కూడా పోశాను.

ఎడ్నా వచ్చి నిలబడింది. చేతిలో సారాకని తెచ్చిన మొలకల మూట ఉంది.

“అమ్మా, ఏమిటిది?”

“ఆట.”

“పిల్ల డ్రమ్ములో పడిందంటే నేను గుండె చేత్తో పట్టుకుని పరిగెత్తుకొస్తే, తల్లీకూతుళ్ళు జలకాలాడుతున్నారా?”

“చెమటకాయలకు మంచిది. నువ్వే అన్నావు కదా, చింతపండులా ఉందని.”

“రుదో మొహం ఏమిటి అట్లా ఉంది?”

“తడిసింది.”

“నీళ్ళేనా అవి?”

“మరేం, పాలా?”

ఎడ్నా దగ్గరకు వచ్చింది. “తల ఎత్తు రుదో.”

“సబ్బు పడింది కళ్ళల్లో,” అన్నాను.

“సబ్బు ఏది అమ్మా?”

సబ్బు లేదు. తొట్టిలో రెండు కండెలు, ఒక ఆకు ఉన్నాయి. నేను మళ్ళీ బుర్ర ముంచాను, పోశాను. ముంచాను, పోశాను. రుదో తల ఎత్తింది. నీళ్ళు నుదుటి మీద నుంచి కారుతున్నాయి, ముక్కు మీద నుంచి, గడ్డం మీద నుంచి. ఏది ఏ నీరో అత్తగారిని నేను చెప్పలేను, మేనత్త ఎడ్నా చెప్పలేదు, ఆ నీళ్ళవాళ్ళు ఉంటే వాళ్ళూ చెప్పలేరు అనుకున్నాను.

డబ్బా ఖాళీ అయింది. చివరి చుక్కలు ఒకటొకటిగా పడి ఆగిపోయాయి. నా చేయి కూడా ఆగింది, మోచేతిలో సత్తువ లేదు.

రుదో మొహం మీద మాత్రం నీళ్ళు ఆగలేదు.

వింబీ తల్లి మెడ పట్టుకుని లేచి నిలబడింది. జల్లు రాకపోయినా పడుతున్న చుక్కల కోసం నాలుక చాపింది. తల్లి చెంప నాకింది. మొహం చిట్లించింది.

“అత్తా,” అంది ఎడ్నాతో, చాడీ చెబుతున్నట్టు. “అమ్మ మీద నీళ్ళు ఉప్పగా ఉన్నాయి.”

మొలకల మూట ఎడ్నా చేతిలోంచి జారి పాదాల మీద పడింది.

కంచె అవతల పనాషె వాళ్ళమ్మ ఎప్పుడొచ్చి నిలబడిందో. చావింటికి వెళ్ళేటప్పుడు కట్టుకునే గుడ్డ నడుముకు చుట్టుకుని ఉంది. లోపలికి రాలేదు. రమ్మంటారా అన్నట్టు ఎడ్నాకేసి చూసి, తర్వాత మా కోడలికేసి చూసి, నెమ్మదిగా పిలిచింది.

“గారికాయి వాళ్ళమ్మా.”

ఆ పేరు ఆ పెరట్లో వినబడి ఎన్నాళ్ళయిందో. రుదో అటు తిరిగింది. ఎడ్నా చెయ్యి మెల్లగా లేచి తన తలగుడ్డ ముడి మీదకి వెళ్ళింది. విప్పి దుఃఖానికి కూర్చుంటుందో, బిగించి మా మీద లేస్తుందో, ఆ వేళ్ళను చూస్తే తెలియలేదు.

అప్పుడే, నీళ్ళు అంతకుముందే ఆగిపోయిన కుళాయి, సన్నగా ఈల వేసింది.

ఐదుగురం గేటు వైపు తిరిగాం. వింబీ కూడా.

ఇది గుర్తుపెట్టుకోండి. మీరు ఇంకొకరికి చెప్పేటప్పుడు ఆ నూనె డబ్బా సంగతి చెప్పండి, మూత ఎట్లా వదులు చేయాలో చెప్పండి. ఎండాకాలంలో పిల్లలున్న ఇంటికి పనికొస్తుంది. రుదో ఏడ్చిందా అని ఎవరైనా అడిగితే, ముసలమ్మ నీళ్ళు పోసిందని చెప్పండి. ఈల సంగతి మాత్రం పెంచకుండా, తుంచకుండా, నేను విన్నది విన్నట్టే చెప్పండి.